మీ వీధిలో రోడ్డు మీద పడుకునే మనిషికి ఎలా సాయపడాలి: ఒక మందుల అంగడి నుంచి

తిరుపతిలో రుయా ఆసుపత్రికి పోయే దారిలో నాకు మందుల అంగడి ఉంది. పొద్దున షట్టర్ ఎత్తేసరికి మెట్ల మీద ఇద్దరో ముగ్గురో పడుకుని ఉంటారు. ఒకరికి చేతి వణుకు, ఒకరికి కాలి పుండు, ఇంకొకరికి ఏ జబ్బూ ఉండదు, గది అద్దె కట్టలేకపోయారంతే. "వీళ్లను ఏం చేద్దామన్నా?" అని మా వీధి అంగళ్ల వాళ్లు, పక్క అపార్ట్‌మెంట్ వాళ్లు నన్ను అడుగుతుంటారు. వాళ్లకు విడివిడిగా చెప్పేదే ఇక్కడ ఒకచోట రాస్తున్నాను. చిత్తూరు, శ్రీకాళహస్తి, మదనపల్లెల్లో ఉన్నవాళ్లు ఆసుపత్రి పేరు మార్చుకుంటే చాలు, మిగతాదంతా పనికొస్తుంది.

"ముందు తాగుడు మానమను, తర్వాత చూద్దాం" అని చాలామంది మొదలుపెడతారు. ఆ దారిలో ఎవరూ బాగుపడగా నేను చూడలేదు. దోమలు, కుక్కలు, జేబు కొట్టేవాళ్లు, అర్ధరాత్రి లేపి తరిమేవాళ్లు. వీటన్నిటి మధ్య కన్ను మూతపడటానికే తాగుతున్న మనిషిని, అది మానితేనే పడక ఇస్తామంటే ఎట్లా మానతాడు? 2024 అక్టోబరు నుంచి మన రాష్ట్రంలో 99 రూపాయలకు క్వార్టర్ దొరుకుతోంది. 99 రూపాయలకు తిరుపతిలో గది దొరకదు. కాబట్టి వరస మార్చండి. పడుకోవడానికి చోటు, సామాను పెట్టుకోవడానికి చోటు, రోజూ పలకరించే ఒక మనిషి, ఈ మూడూ ముందు. మానడం తర్వాత. న్యూయార్క్‌లో 1992లో కొందరు ఇదే వరసలో, తాగుడు మానాలనే షరతు లేకుండా ముందు ఇల్లు ఇచ్చి చూశారు. ఫిన్లాండ్ 2008 నుంచి దీన్నే ప్రభుత్వ పద్ధతిగా పెట్టుకుంది. మన దగ్గర ఇళ్లు ఇచ్చేంత డబ్బు ఒక వీధికి ఉండదు. ఆ వరసనైతే పాటించగలం.

ముందు మనిషిని తెలుసుకోండి

అందరినీ బిచ్చగాళ్ల లెక్కన చూడకండి. మన ఊళ్లో రోడ్డు మీదికి వచ్చే దారులు చాలా ఉన్నాయి. హోటల్లో ప్లేట్లు కడిగే పిల్లవాడు హోటల్లోనే పడుకుంటాడు, పని పోయిన రోజే పడకా పోతుంది. పెళ్లిళ్లకు వంట చేసేవాళ్లకు, వడ్డించేవాళ్లకు ముహూర్తాలు ఉన్నన్నాళ్లు చేతినిండా డబ్బు, ఆషాఢమో మూఢమో వస్తే నెలంతా ఖాళీ. దర్శనానికని తీసుకొచ్చి విష్ణు నివాసం ముందో, గోవిందరాజస్వామి గుడి దగ్గరో కొడుకులు వదిలేసి పోయిన ముసలివాళ్లున్నారు. రుయాలోనో స్విమ్స్‌లోనో తమ మనిషికి వైద్యం చేయించడానికి వచ్చి, ఉన్నదంతా అయిపోయి, ఆ మనిషి చనిపోయాక ఊరికి పోవడానికి ముఖం చెల్లక ఆగిపోయినవాళ్లనూ చూశాను. వీళ్లలో కొందరు తాగుతారు, కొందరు తాగరు. తాగేవాళ్లలో సగం మంది రోడ్డు మీదికి వచ్చాకే మొదలుపెట్టారని నాకనిపిస్తుంది.

పలకరించడానికి పగలు వెళ్లండి. నిలబడి కిందికి చూస్తూ మాట్లాడకండి, పక్కన కూర్చోండి. కాలితో తట్టి లేపడం, నీళ్లు చల్లడం వద్దు. "ఎందుకు తాగుతావు?" అనేది మొదటి ప్రశ్న కాకూడదు. "ఏమన్నా తిన్నారా పెద్దాయనా? ఏ ఊరు మీది?" అంటే చాలు. మన దగ్గర తమిళం మాట్లాడేవాళ్లు ఎక్కువ కాబట్టి, ఆ భాష వచ్చినవాళ్లు "సాపిట్టీంగళా?" అని అడిగితే ముఖం ఎంత మారుతుందో చూడండి. ఫోన్ బయటికి తీయకండి. అన్నం పొట్లం ఇస్తూ వీడియో తీసి పెట్టేవాళ్లను మా వీధిలో గట్టిగా వద్దన్నాం. ఆ వీడియో ఆయన ఊళ్లో కూతురి అత్తగారింటికి చేరితే, ఇక ఆయనకు తిరిగి పోయే దారి మూసుకుపోయినట్టే.

వీధిలో ఇద్దరిని అనుకోండి. రోజూ ఒకే వేళకు, అదే ఇద్దరు. పదిమంది పదిసార్లు కొత్తగా వచ్చి అదే కథ అడిగితే మనిషి విసిగిపోతాడు. ఒక నోటు పుస్తకంలో పేరు, ఊరు, ఇంట్లో ఎవరున్నారు, ఏ మందులు వాడేవారు అని ఆయన ఒప్పుకుంటేనే రాసుకోండి. ఆ పుస్తకం ఎవరికీ చూపించకండి.

అన్నం సంగతి, సంచి సంగతి

తిరుపతిలో అన్నానికి కరువు లేదు. శనివారమో ఏకాదశో వస్తే ఒకే చోటికి నాలుగు వ్యాన్లు వచ్చి పులిహోర పొట్లాలు పంచిపోతాయి, సగం కుక్కలపాలవుతుంది. అన్న క్యాంటీన్లో పూటకు 5 రూపాయలు. పంచాలనుకునేవాళ్లు ఒకరితో ఒకరు మాట్లాడుకుని, ఎవరూ రాని రోజు చూసుకోండి. అంతకంటే మేలు, ఆ డబ్బుతో స్నానానికి సబ్బు, లుంగీ, చెప్పులు, దోమల చక్రం కొనివ్వండి. ఆడవాళ్లకైతే ప్యాడ్లు. సుళువుగా వాడుకోగల టాయిలెట్ ఎక్కడుందో చూపించండి.

నన్నడిగితే అన్నిటికంటే పెద్ద సాయం సంచి దాచిపెట్టడం. రోడ్డు మీద నిద్రపోయిన మనిషి సంచి ఎవరో ఎత్తుకుపోతారు. దాంతోపాటు ఆధార్, బ్యాంకు పుస్తకం, ఆసుపత్రి చీటీలు అన్నీ పోతాయి. ఆ తర్వాత పింఛను లేదు, ఖాతా లేదు. మా అంగడి వెనక గదిలో ఒక రేకు పెట్టె పెట్టాం, తాళం నా దగ్గరుంటుంది. ఆధార్ పోయినవాళ్లను ఆధార్ కేంద్రానికి తీసుకెళ్తే వేలిముద్రలతో పాత నంబరు వెతికించవచ్చు. పనిచేసి అరిగిపోయిన వేళ్లకు ఒకటికి రెండుసార్లు తిరగాల్సి వస్తుంది, ఓపిక పట్టండి. 60 దాటినవాళ్లకు ఊళ్లో నెలకు 4,000 పింఛను మంజూరై, మనిషి కనబడక ఆగిపోయి ఉండొచ్చు. వాళ్ల ఊరి సచివాలయానికి ఫోన్ చేసి కనుక్కోండి.

తాగుడు: చేయకూడనివి ముందు

ఇక్కడ తొందర పనికిరాదు. ఏళ్ల తరబడి రోజూ తాగే మనిషి ఒక్కసారిగా మానేస్తే ప్రాణం మీదికి రావచ్చు. ఆఖరిసారి తాగిన ఆరేడు గంటలకే చేతులు వణకడం, చెమట, వాంతులు మొదలవుతాయి. ఒకటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. రెండో రోజు నుంచి నాలుగో రోజు లోపల కొందరికి మతి తప్పుతుంది, లేనివి కనబడతాయి, గోడ మీద పురుగులు పాకుతున్నాయంటారు, జ్వరం వస్తుంది. డాక్టర్లు దీన్ని డెలీరియం ట్రెమెన్స్ అంటారు. "దెయ్యం పట్టింది", "నాటకాలాడుతున్నాడు" అనుకుని వదిలేస్తే చనిపోతారు. అందుకే మనిషిని గదిలో పెట్టి తాళం వేసి మాన్పించే పని ఎప్పుడూ చేయొద్దు. ఈ లక్షణాలు కనబడితే 108కి ఫోన్ చేయండి.

రెండోది, నా అంగడికి వారానికి ఒకరైనా వచ్చి అడిగేది: "తాగుడు మాన్పించే మాత్ర ఇవ్వండన్నా, తెలియకుండా సాంబార్లో కలుపుతాం." ఆ మాత్ర డైసల్ఫిరామ్. అది ఒంట్లో ఉండగా మందు తాగితే ముఖం ఎర్రబడి, వాంతులై, బీపీ పడిపోయి, గుండె మీదికి వస్తుంది. మనిషికి చెప్పి, ఒప్పించి, పరీక్షలు చేసి డాక్టరు రాయాల్సిన మాత్ర అది. చెప్పకుండా కలపడమంటే విషం కలపడమే. చీటీ లేకుండా నేనివ్వను, మీరూ ఎక్కడా కొనకండి. నిద్రమాత్రలూ, మత్తు కలిగించే నొప్పి మాత్రలూ అంతే. ఆల్‌ప్రాజోలామ్, ట్రమడాల్ లాంటివి షెడ్యూల్ హెచ్1 అనే మందుల పట్టికలో ఉన్నాయి. 2014 మార్చి నుంచి వాటికి డాక్టరు చీటీ, రోగి పేరు రిజిస్టరులో రాసి మూడేళ్లు దాచాలి. ఈ నియమం కాగితం మీద మాత్రమే పాటించే అంగళ్లు మీ వీధిలో ఉంటే వెళ్లి నిలదీయండి. తోటి వ్యాపారినే అయినా ఈ మాట నేను దాచను.

మత్తులో పడి ఉన్న మనిషిని ఎడమ పక్కకు ఒత్తిగిల్లజేయండి, వాంతి వస్తే ఊపిరి గొట్టంలోకి పోకుండా. పిలిస్తే పలకనివాళ్ల నోట్లో మజ్జిగ, నిమ్మకాయ నీళ్లు పోయకండి. ఫిట్స్ వస్తే చేతిలో తాళాలు పెట్టడం, పళ్ల మధ్య చెంచా దూర్చడం వద్దు. తల కింద గుడ్డ పెట్టి టైమ్ చూసుకోండి. తాగుడు ఆపినందుకు వచ్చిన ఫిట్స్ అయితే వెంటనే 108, మిగతావాళ్లకు ఐదు నిమిషాలు దాటితే 108. మందు వాసన వస్తోందని "తాగి పడ్డాడులే" అనుకుని దాటిపోకండి. తలకు దెబ్బ తగిలి ఉండొచ్చు, షుగర్ పడిపోయి ఉండొచ్చు. చెవిలోంచో ముక్కులోంచో రక్తం, ఒక కంటి పాప పెద్దదిగా ఉండటం చూస్తే ఒక్క నిమిషం కూడా ఆగకూడదు. ఏప్రిల్, మే ఎండల్లో ఒళ్లు కాలిపోతూ మాట తడబడుతుంటే అది వడదెబ్బ. నీడకు చేర్చి, తడిగుడ్డతో ఒళ్లంతా తుడుస్తూ అంబులెన్స్ పిలవండి.

అన్నం సరిగా తినకుండా తాగేవాళ్లకు ఒంట్లో బి1 విటమిన్, అంటే థయామిన్, తగ్గిపోతుంది. అది ఎక్కించకుండా ఉత్త గ్లూకోజ్ ఎక్కిస్తే మెదడుకు హాని జరగవచ్చు. కాబట్టి "నీరసంగా ఉన్నాడు, ఒక బాటిల్ ఎక్కించండి" అని ఆర్‌ఎంపీ దగ్గరికి తీసుకెళ్లకండి. ఏ డాక్టరు దగ్గరికి తీసుకెళ్లినా "ఈయన రోజూ తాగుతారు" అని ముందే చెప్పండి. సిగ్గుపడి దాస్తే వైద్యం తప్పుతుంది.

ఆసుపత్రిలో పక్కన కూర్చోండి

2019లో కేంద్ర ప్రభుత్వం ఎయిమ్స్ చేత చేయించిన సర్వేలో, దేశంలో మద్యానికి బానిసైన 38 మందిలో ఒకరికే ఏదో ఒక చికిత్స అందిందని తేలింది. మా వీధి చూస్తే నాకు ఆ లెక్కలో వింతేమీ కనబడదు. వైద్యం ఉంది, మందులు ఉచితం. పక్కన మనిషి లేడు. ఓపీ చీటీ రాయించడానికి, రక్త పరీక్షకు, స్కానింగ్‌కు, వార్డులో అన్నం తేవడానికి, రాత్రి సెలైన్ అయిపోతే నర్సమ్మను పిలవడానికి అటెండర్ ఉండాలి. "పేషెంట్ తరఫున ఎవరు?" అంటే ఎవరూ లేరు. మూడో రోజుకు ఆయన చేతికున్న సూది పీకేసుకుని వచ్చేస్తాడు. అందరూ "చూశావా, మారడు" అంటారు.

వీధి చేయగలిగిన పనుల్లో దీనికి సాటి లేదు. ఆరేడుగురు పేర్లు రాసుకుని పూటలు పంచుకోండి. పగలు రిటైరైనవాళ్లు, సాయంత్రం కాలేజీ పిల్లలు, రాత్రికి ఒకరు. రుయా మానసిక వైద్య విభాగానికి ఓపీ రోజున పొద్దున్నే తీసుకెళ్లండి, ముందు రోజు రాత్రి భోంచేయించండి. చీటీలో చిరునామా అడిగితే మీ అంగడి చిరునామా ఇవ్వండి, ఫోన్ నంబరు మీది రాయండి. ఆధార్ లేదని ఎమర్జెన్సీలో వెనక్కి పంపే హక్కు ఏ ఆసుపత్రికీ లేదు. ప్రాణం కాపాడటమే ముందని సుప్రీంకోర్టు 1989లోనే పరమానంద్ కటారా కేసులో చెప్పింది. రెండు వారాలు దాటిన దగ్గు ఉంటే అదే తిరుగుడులో తెమడ పరీక్ష చేయించండి. టీబీ అని తేలితే మందులు ఉచితం, పోషణకు నెలకు 1,000 రూపాయలు ఖాతాలో పడతాయి. కాలి పుండులో పురుగులు పడితే ఫినాయిల్, కిరోసిన్ పోయకండి, సర్జరీ ఓపీలో కట్టు కట్టించండి. చాలామంది వైద్యానికి ఒప్పుకునేది పుండు కోసమే. పుండు మానేదాకా రోజూ కలుస్తాం కాబట్టి తాగుడు మాట ఆయనే ఎత్తుతారు.

వంట పనికి వచ్చి ఆగిపోయిన ఒక తమిళాయన అట్లాగే అడిగారు: "ఏమ్ సార్, ఇది కూడా ఆ డాక్టరే చూస్తారా?" ఆ రోజే తీసుకెళ్లాం. అడిగిన రోజు దాటిపోతే ఆ మనసు మళ్లీ ఎప్పుడొస్తుందో చెప్పలేం. అందుకే ఆటో డబ్బులు, వెంట వెళ్లే మనిషి ఎప్పుడూ సిద్ధంగా ఉంచండి. ఫోన్‌లో సలహా కావాలంటే మత్తు మాన్పించే జాతీయ హెల్ప్‌లైన్ 14446, మనసు బాగోలేనివాళ్లకు టెలీ మానస్ 14416.

ప్రైవేటు "డీ-అడిక్షన్ సెంటర్ల" విషయంలో జాగ్రత్త. ఒకచోట ఫోన్ చేస్తే వ్యాన్ వేసుకొచ్చి ఎత్తుకెళ్తామన్నారు, మూడు నెలలు ఇంటివాళ్లు కూడా చూడకూడదన్నారు. అట్లాంటి చోటికి ఎవరినీ పంపకండి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం గొలుసులతో కట్టడాన్ని పూర్తిగా నిషేధించింది, ఇలాంటి కేంద్రాలు రిజిస్టరు కావాలంది. 2001 ఆగస్టులో తమిళనాడులోని ఏర్వాడిలో నిప్పంటుకుంటే, గొలుసులతో కట్టేసి ఉన్న 28 మంది పారిపోలేక చనిపోయారు. రిజిస్ట్రేషన్ కాగితం, సైకియాట్రిస్టు పేరు, లోపలికి వెళ్లి చూసే అనుమతి, ఈ మూడూ అడగండి. ఒక్కటి కాదన్నా వెనక్కి వచ్చేయండి.

పిల్లలు, ఆడవాళ్లు, గంజాయి

పంక్చర్ సొల్యూషన్ గుడ్డలో వేసి పీల్చే పిల్లలు స్టేషన్ పక్క కనబడితే 1098కి చెప్పండి. ఒంటరి పిల్లవాడిని చూసినవాళ్లు 24 గంటల్లో తెలియజేయాలని 2015 బాలల న్యాయ చట్టం చెబుతోంది. పిల్లలకు మత్తు అందించినవాళ్లకు ఏడేళ్ల దాకా జైలు. ఒంటరి ఆడమనిషి ఉంటే మగవాళ్లు వెళ్లకండి, వీధిలోని అమ్మలను పంపండి, 181కి ఫోన్ చేయండి. వదిలేసిన ముసలివాళ్లకు 14567. గంజాయి అలవాటైన కుర్రవాళ్లు కేసు భయంతో ఆసుపత్రికి రారు. కొద్ది మొత్తంతో దొరికినవాళ్లు తమంతట తామే వైద్యానికి ముందుకొస్తే కోర్టు విచారణ నుంచి మినహాయింపు మత్తు పదార్థాల చట్టం (ఎన్‌డీపీఎస్) 64ఎ సెక్షన్‌లో ఉంది. ఆ మాట వాళ్ల తల్లిదండ్రులకు చెప్పండి. అమ్మేవాళ్ల గురించైతే 1972కి చెప్పండి.

పోలీసులతో, కార్పొరేషన్‌తో

"వ్యాన్లో ఎక్కించి ఊరి బయట వదిలేయొచ్చుగా, బ్రహ్మోత్సవాలు వస్తున్నాయి" అనేవాళ్లు ప్రతి మీటింగ్‌లో ఒకరుంటారు. వాళ్లకు రెండు సంగతులు చెప్పండి. రేణిగుంట దగ్గర వదిలితే మర్నాటికి నడిచి వచ్చేస్తారు, మధ్యలో మందులు, కాగితాలు పోతాయి. రెండోది చట్టం. మతిస్థిమితం లేక తిరుగుతూ, తనను తాను చూసుకోలేని మనిషి కనబడితే పోలీసులు రక్షణలోకి తీసుకుని 24 గంటల్లోగా ప్రభుత్వ ఆసుపత్రికి చేర్చాలి, లాకప్‌లో పెట్టకూడదు, ఇల్లు లేని మనిషైతే తప్పిపోయిన మనిషి కేసు రాసి కుటుంబాన్ని వెతకాలి. అదే 2017 చట్టంలో నూరో సెక్షన్ ఇది. నేను దాన్ని తెలుగులో ఒక పేజీకి రాసి ప్రింటు తీసి పెట్టుకున్నాను. స్టేషన్‌కు వెళ్లినప్పుడు మర్యాదగా చేతికిస్తాను, చాలాసార్లు పని జరుగుతుంది.

నిరాశ్రయుల వసతి గృహాలను కార్పొరేషన్ కింద మెప్మా, అంటే పట్టణ పేదల కోసం ఉన్న ప్రభుత్వ సంస్థ, చూస్తుంది. 2013 నాటి కేంద్ర పథకం లెక్క ప్రకారం పట్టణ జనాభా లక్షకు 100 మంది పట్టే గృహం ఒకటి ఉండాలి, మనిషికి 50 చదరపు అడుగుల చోటివ్వాలి. 2011 నాటికే తిరుపతి జనాభా మూడు లక్షలకు దగ్గర. మీ ఊరికి ఎన్ని గృహాలు ఉండాలో, ఎన్ని ఉన్నాయో, రాత్రి పదికి తలుపు తీస్తున్నారో లేదో మీరే వెళ్లి చూసి, సోమవారం ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అర్జీ ఇవ్వండి, రసీదు తీసుకోండి. తాగి వస్తే రానివ్వమని చాలాచోట్ల అంటారు. మిగతావాళ్ల నిద్ర పాడవుతుందనే వాళ్ల బాధలో న్యాయం ఉంది. అందుకే తాగినవాళ్లకు విడిగా ఒక గది, రాత్రికి ఒక కాపలా మనిషి కావాలని అర్జీలో స్పష్టంగా రాయండి.

ఆసుపత్రి నుంచి వచ్చాక

అసలు కష్టం ఇక్కడ మొదలవుతుంది. పది రోజులు వార్డులో ఉండి తేరుకున్న మనిషిని మళ్లీ అదే మెట్ల మీద దింపితే వారంలో తాగుతారు. డిశ్చార్జి తేదీ తెలియగానే వసతి గృహంలో పడకో, నలుగురు కలిసి అద్దెకు తీసుకున్న గదిలో చోటో చూసి పెట్టండి. మా వీధిలో చందా వేసి మూడు నెలల అద్దె కడతాం, తర్వాత ఆయన కట్టుకుంటారు. మందులు నెల రోజులవి చేతికివ్వకుండా, రోజూ అంగడికి వచ్చి వేసుకునేలా చూస్తాను. వచ్చిన వంకతో రెండు మాటలు మాట్లాడుకుంటాం. పనిలో పెట్టేటప్పుడు పార్టీల కేటరింగ్, బార్ పక్క హోటల్ వద్దు. నర్సరీ, గోశాల, ఇస్త్రీ బండి, గుడి దగ్గర చెప్పుల స్టాండు నయం. కూలి డబ్బు రోజూ చేతికివ్వకుండా సగం ఖాతాలో వేయమని, ఆయన ఎదురుగానే, ఆయన ఒప్పుకుంటేనే మాట్లాడండి.

మళ్లీ తాగుతారు. చాలామంది ఒకసారికి మానరు. ఆ రోజు కోప్పడి రేకు పెట్టెలోంచి సంచి బయట పెట్టేయకండి. మర్నాడు పొద్దున అదే వేళకు వెళ్లి "తిన్నారా?" అని అడిగి, మళ్లీ ఓపీ ఏ రోజో చెప్పండి. ఆయన కనబడకపోతే రెండు రోజులు ఆగి, పుస్తకంలో రాసుకున్న ఊరికి ఫోన్ చేయండి, రుయా క్యాజువాలిటీలో పేరడగండి. ఒక్కొక్కరి వెంట ఏడాది పడుతుంది. అంత ఓపిక లేదనుకునేవాళ్లు చందా ఒక్కటి ఇస్తే చాలు, పలకరించే పని ఓపిక ఉన్నవాళ్లకు వదిలేయండి.